‘మీరు’కు మీటరు లేదు

కారెక్కడం, దిగడం కూడా వార్షికోత్సవ సంచికలో రాయవలసిన విషయమేనా అని మిత్రులకు అనిపించవచ్చు. చదువు, ఉద్యోగం, స్కాలర్‌షిప్పులు, మెస్ ఛార్జీలు, ఇన్ని సమస్యలుండగా క్యాబ్ డ్రైవర్‌తో మర్యాద గురించి రాయడమేమిటని అడగవచ్చు. ఆ సమస్యల మీద ఈ సంచికలోనే పెద్దలూ మిత్రులూ రాస్తారు. మేము తీసుకున్నది చిన్న విషయమే. కాని మనవంటి ఇళ్ల నుంచి వచ్చినవారికి బండి ఎక్కడమన్నది ఎన్నడూ చిన్న విషయం కాలేదు. ఎవరు ఎక్కాలి, ఎక్కడ కూర్చోవాలి, ఎవరు ఎవరిని ఏమని పిలవాలి అనే వాటి దగ్గరే మన పెద్దలు పడిన అవమానాలు ఇన్నీ అన్నీ కావు.

గుణదల నుంచి ఊళ్లోకి వెళ్లాలంటే ఒకప్పుడు ఏలూరు రోడ్డు మీద సిటీ బస్సు, అది దొరక్కపోతే షేర్ ఆటో. ఇప్పుడూ మనలో ఎక్కువమందికి అవే దిక్కు. అయితే పరీక్షా కేంద్రం ఊరికి ఆ చివర ఎక్కడో పడినప్పుడో, సెలవులకు ట్రంకు పెట్టెలూ దుప్పట్ల మూటలతో బస్టాండుకు చేరవలసినప్పుడో నలుగురం తలా కొంత వేసుకుని ఫోన్లో కారు పిలుస్తున్నాం. ఉబర్ 2009లో అమెరికాలో పుట్టింది. ఓలా 2010లో, రాపిడో 2015లో మన దేశంలోనే పుట్టాయి. నేడు బెంజి సర్కిల్ దగ్గర నిలబడితే ఈ పేర్లు వినపడని నిమిషం ఉండదు.

కారు గేటు దగ్గర ఆగుతుంది. “సార్, ఓటీపీ చెప్పండి” అంటాడు డ్రైవర్. ఊళ్లో నాన్నను పసిపిల్లలు సైతం ‘ఏరా’ అని పిలవడం విని పెరిగిన కుర్రవాడికి ఆ ‘సార్’ అనే మాట, ఆ ‘చెప్పండి’లోని ‘అండి’ ఎలా వినిపిస్తాయో వేరే రాయనక్కర్లేదు. తమను మొదటిసారి ఎవరైనా ‘మీరు’ అన్నది కారులోనే అని చెప్పిన మిత్రులు మన హాస్టల్లో ఉన్నారు. నవ్వుతూనే చెప్పారు. విన్నవాళ్లం మాత్రం నవ్వలేకపోయాం.

మేము చెప్పదలచుకున్నది ఒక్కటే. మనకు అంత ఆనందమిచ్చిన ఆ ‘మీరు’ ముందు సీటు నుంచి వెనుక సీటుకే కాదు, వెనుక సీటు నుంచి ముందు సీటుకూ వెళ్లాలి. అది కిరాయిలో కలిసి వచ్చే వస్తువు కాదు. మనిషికి మనిషి ఇవ్వవలసినది.

రెట్టింపు కిరాయి ఇచ్చినా

ఈ మాట ఎందుకంటున్నామో తెలియాలంటే బాబాసాహెబ్ అంబేద్కర్ జీవితంలోని రెండు ప్రయాణాలు గుర్తు చేసుకోవాలి. ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’ అనే చిన్న పుస్తకంలో ఆయనే వీటిని రాసుకున్నారు.

మొదటిది 1901లో. అప్పటికాయన సుమారు పదేళ్ల పిల్లవాడు. సతారా నుంచి తండ్రి పనిచేసే చోటికి తోటి పిల్లలతో కలిసి బయలుదేరి మసూరు స్టేషనులో రైలు దిగారు. కొత్త బట్టలు, చేతిలో డబ్బు, అన్నీ ఉన్నాయి. ముందు ఆప్యాయంగా పలకరించిన స్టేషన్ మాస్టరు, పిల్లలు మహర్లని తెలియగానే దూరం జరిగాడు. స్టేషను బయట బండివాళ్లెవరూ ఎక్కించుకోమన్నారు. చివరికి ఒకడు ఒప్పుకున్నాడు. షరతు ఏమిటంటే కిరాయి రెట్టింపు, బండి పిల్లలే తోలుకోవాలి, తను నడిచి వస్తాడు. ఆ దారిలో పిల్లలకు గుక్కెడు నీళ్లు కూడా పుట్టలేదు.

రెండోది 1929లో. అప్పటికాయన బారిస్టరు. బొంబాయి ప్రభుత్వం అంటరానివారి బాధల మీద వేసిన కమిటీలో సభ్యుడు. చాలీస్‌గావ్ స్టేషనులో దిగితే అక్కడి టాంగావాళ్లు ఆయన్ను ఎక్కించుకుని తోలడం తమ పరువుకు తక్కువన్నారు. టాంగా అద్దెకిచ్చారు గాని తోలడానికి రాలేదు. ఎన్నడూ టాంగా తోలి ఎరుగని ఒక మహర్ యువకుడు పగ్గాలు పట్టుకున్నాడు. వంతెన మీద బండి అదుపు తప్పింది. అంబేద్కర్ రాళ్ల మీద పడి కాలు విరిగింది.

ఈ రెండు సంఘటనల్లోనూ గమనించవలసినది ఒకటుంది. బండివాడు గాని, టాంగావాడు గాని జమీందారు కాడు. రోజు కిరాయి మీద బతికే పేదవాడు. డబ్బు వద్దనలేదు, మనిషిని వద్దన్నాడు. కిరాయి రెట్టింపు ఇచ్చినా మర్యాద దొరకలేదు. బారిస్టరు చదివినా దొరకలేదు. పేదరికం దానంతటదే మనిషికి సంస్కారం నేర్పదు. చదువు కూడా దానంతటదే నేర్పదు. పట్టుబట్టి నేర్చుకోవలసిందే.

ఇదంతా మహారాష్ట్ర మాట, పాత మాట అని తోసేయడానికి లేదు. మన డెల్టాలోనే చుండూరు ఉంది. సినిమా హాల్లో పక్క సీటుకు కాలు తగిలిందన్న గొడవ చివరికి 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల హత్య దాకా వెళ్లింది. పక్కపక్కన కూర్చోవడమే నేరమైన చోటు నుంచి మనం వచ్చాం.

యాప్ అడగని ప్రశ్న

ఈ నేపథ్యంలో చూస్తే యాప్ చేసిన ఒక మేలును ఒప్పుకోవాలి. అది ఎక్కడికని అడుగుతుంది గాని ఎవరి పిల్లవాడివని అడగదు. కిరాయి ముందే చూపిస్తుంది. ఊరి పేరు చెప్పగానే “ఏ పేట?” అని గుచ్చి అడిగే మనిషికి అక్కడ పని లేదు.

అయితే అడగకపోవడం వేరు, గౌరవించడం వేరు. యంత్రానికి చిన్నచూపు లేదు, జాలి కూడా లేదు. 2014 డిసెంబరులో ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరంలో ఒక దుండగుడు కాఫీ హోటల్లో జనాన్ని బంధించాడు. ప్రాణభయంతో ఆ వీధుల నుంచి తప్పించుకోవాలని అందరూ ఒక్కసారి కార్లు పిలిచేసరికి ఉబర్ కిరాయి నాలుగు రెట్ల దాకా పెరిగింది. జనం మండిపడ్డాక కంపెనీ దిగివచ్చి అక్కడి నుంచి ఉచితంగా పంపింది. గిరాకీ పెరిగిందని మాత్రమే యంత్రానికి తెలిసింది. జనం ఎందుకు పరుగెత్తుతున్నారో తెలుసుకోవడానికి మనుషులు కావలసి వచ్చింది. కారులో దయ అనేది ఉంటే అది ముందు సీటులోనో, వెనుక సీటులోనో ఉండాలి. ఫోనులో ఉండదు.

ఇక డ్రైవర్ల మీద మనవాళ్ల ఫిర్యాదులు మనకు తెలియనివి కావు. “ఎక్కడికి? క్యాషా, ఆన్‌లైనా?” అని అడిగి క్యాన్సిల్ చేస్తారు. ఏసీ వేయరు. విసుక్కుంటారు. ఇవి నిజమే. కాని విసుగు వెనుక ఒక లెక్క ఉంది. కారు వాయిదా, డీజిలు, కంపెనీ కమీషను పోగా మిగిలినదే ఇంటికి చేరేది. 2024 ఏప్రిల్‌లో హైదరాబాదులో క్యాబ్ డ్రైవర్ల యూనియన్ ‘నో ఏసీ’ అని ఉద్యమమే నడిపింది. వచ్చే కిరాయితో ఏసీ ఖర్చు గిట్టదన్నది వారి వాదన. ఎండాకాలం బెజవాడలో ఏసీ లేని కారు మనకు అరగంట బాధ. అదే కారులో ఆయన పొద్దున్నుంచి రాత్రి దాకా ఉంటాడు.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదని కాదు. సొంత కారు నడిపేవారికి కిరాయిలో కనీసం 80 శాతం దక్కాలని, 5 లక్షల ఆరోగ్య బీమా, 10 లక్షల జీవిత బీమా ఉండాలని 2025 జూలైలో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. సరైన కారణం లేకుండా క్యాన్సిల్ చేస్తే కిరాయిలో 10 శాతం, 100 రూపాయలు మించకుండా జరిమానా అన్నాయి. అది డ్రైవర్‌కే కాదు, ప్రయాణికుడికీ వర్తిస్తుందని మనవాళ్లు గుర్తుంచుకోవాలి. యాప్‌ల మీద పనిచేసేవారిని చట్టంలోకి తెచ్చిన సామాజిక భద్రతా కోడ్ 2020లో తయారై 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. మన రాష్ట్రంలో 2025 అక్టోబరు 4న ‘ఆటో డ్రైవర్ల సేవలో’ పథకం కింద సుమారు 2.90 లక్షల మంది ఆటో, క్యాబ్ డ్రైవర్లకు తలా 15,000 రూపాయలు ఇచ్చారు. ఇవన్నీ కావలసినవే. కాని ‘నువ్వు’ను ‘మీరు’గా మార్చే జీవో ఏ ప్రభుత్వమూ ఇవ్వలేదు. ఇవ్వలేదు కూడా, అది మన నోటి పని.

నక్షత్రాల భయం

దిగగానే ఫోన్లో ఐదు నక్షత్రాలు వస్తాయి. ఎన్ని ఇవ్వాలో మన ఇష్టం. ఆ వేలు మన చేతిలో ఉందని తెలిసి డ్రైవర్ నవ్వుతాడు. అడక్కుండానే పాట తగ్గిస్తాడు. దాన్ని మర్యాద అనుకుంటే పొరపాటు. ఊళ్లో కామందు ఎదురైతే మన తాత తలపాగా తీసి చంకలో పెట్టుకున్నాడే, అది మర్యాదా? భయం. భయంతో వంగిన నడుమును చూసి మురిసిపోయిన వాళ్ల గురించి మనం ఎన్ని కథలు విన్నాం! నక్షత్రాల భయంతో వచ్చిన నవ్వును చూసి మురిసిపోవడం మనకు తగునా?

పెద్ద హోదాలో ఉన్నవారు వెనుక సీటులో కూర్చుంటే ఏమవుతుందో చెప్పే ఉదంతం ఒకటుంది. ఉబర్ అధిపతి ట్రావిస్ కలానిక్ ఒక రాత్రి తమ కంపెనీ కారులోనే ప్రయాణించాడు. దిగేముందు డ్రైవర్, మీరు కిరాయిలు తగ్గించడం వల్ల నేను నష్టపోయానని మొర పెట్టుకున్నాడు. వినవలసినవాడు కసిరి, తన తప్పులకు తాను బాధ్యత వహించని వాళ్లుంటారంటూ తలుపు వేసి దిగిపోయాడు. కారులోని కెమెరా దీన్నంతా పట్టింది. 2017 ఫిబ్రవరిలో అది లోకమంతా చూసింది. కలానిక్ బహిరంగంగా క్షమాపణ చెప్పుకున్నాడు. కంపెనీలోని అనేక గొడవలు కూడా ముదిరి అదే సంవత్సరం జూన్‌లో పదవి వదులుకున్నాడు. వేల కోట్ల కంపెనీ నడిపేవాడికి కూడా ముందు సీటులోని మనిషి మాట రెండు నిమిషాలు వినడం చేతకాలేదు. అది డబ్బుతో వచ్చే విద్య కాదు.

దీనికి పూర్తిగా ఎదురుగా నిలిచే ఉదాహరణ జపాన్‌లో ఉంది. క్యోటో నగరంలో 1960లో యూ బాంగ్ సిక్ అనే కొరియా మనిషి పది కార్లతో టాక్సీ కంపెనీ పెట్టాడు. తర్వాత అదే ఎంకే టాక్సీగా పేరు తెచ్చుకుంది. జపాన్‌లో కొరియావారంటే చులకన. ఇల్లు అద్దెకు దొరకదు, మంచి ఉద్యోగం దొరకదు. అలాంటి జాతి నుంచి వచ్చిన మనిషి మర్యాదనే తన వ్యాపారానికి పునాది చేసుకున్నాడు. డ్రైవర్ పలకరించి తన పేరు చెప్పాలి, ధన్యవాదాలు చెప్పాలి. చెప్పకపోతే ప్రయాణికుడు కిరాయి ఇవ్వనక్కర్లేదన్నాడు. వికలాంగులకు మొదటి అవకాశమన్నాడు. అంతవరకే అయితే అది డ్రైవర్ మీద మరో భారమయ్యేది. కాని తన డ్రైవర్లకు సరైన ఇల్లు లేక నిద్ర చాలడం లేదని గమనించి, వారి ఇళ్ల సంగతి కూడా తానే పట్టించుకున్నాడు. కంటి నిండా నిద్రపోయిన మనిషిని నవ్వుతూ పలకరించమనడంలో న్యాయం ఉంది. నిద్ర లేనివాడిని నవ్వమనడం దౌర్జన్యం.

దయ వేరు, బాకీ వేరు

మర్యాద గురించి మాట్లాడేటప్పుడు మనవాళ్లు తరచూ కలగాపులగం చేసే సంగతి ఒకటుంది. ఉచితంగా ఎక్కించుకుంటేనే దయ అనుకుంటారు. ఒక వానాకాలం రాత్రి మన హాస్టల్లో ఎనిమిదో తరగతి పిల్లవాడికి జ్వరం ముదిరి, వణుకు పట్టుకుంది. వార్డెన్ గారికి కబురు చేసి, కారు పిలిచి ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లాం. యాభై ఏళ్ల డ్రైవర్ పిల్లవాడిని తనే భుజాన వేసుకుని లోపలికి మోశారు. చీటీ రాయించడం నుంచి రక్తపరీక్ష దాకా రెండు గంటలు బయటే ఉన్నారు. ఈలోగా వచ్చిన బేరాలు వదులుకున్నారు. తిరిగి గేటు దగ్గర దింపి, రెండు వైపుల కిరాయి ఎంతో అంత లెక్కపెట్టి తీసుకున్నారు.

“ఇంత చేసి డబ్బు తీసుకున్నాడేమిటి” అన్నాడొక చిన్న తమ్ముడు. అతనికి ఆ రాత్రి చెప్పినదే ఇక్కడా రాస్తున్నాం. కిరాయి తీసుకోవడం ఆయన హక్కు. రెండు గంటలు ఆగడం ఆయన దయ. హక్కును మనం పూర్తిగా చెల్లిస్తేనే దయకు విలువ ఉంటుంది. బాకీ ఎగ్గొట్టి “మంచి మనిషి” అని పొగడటం మన ఊళ్లలో కూలి ఎగ్గొట్టినవాళ్లు చేసిన పనే.

దీనికి రెండో వైపు కూడా ఉంది. దయకు ముందే ధర కట్టకూడదు. కారు త్వరగా రావాలంటే ముందే టిప్పు ఇవ్వమని అడిగే పద్ధతి వచ్చినప్పుడు, 2025 మేలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఉబర్‌కు నోటీసు ఇచ్చింది. సేవ జరిగాక సంతోషంతో ఇచ్చేది టిప్పు గాని, ముందే గుంజేది కాదన్నది అందులోని సారం. ఇందులో న్యాయం ఉంది. కృతజ్ఞత ఎప్పుడూ పని జరిగిన తర్వాతే పుడుతుంది.

ఒక అభ్యంతరం

ఈ విషయం మా గదిలో చర్చకు వచ్చినప్పుడు ఒక మిత్రుడు కోపంగానే అడిగాడు. “తరతరాలు మనమే అందరికీ దణ్ణాలు పెట్టాం. ఇప్పుడు వెనుక సీటులో కూర్చునే రోజు వస్తే ఇక్కడా మనమే తగ్గాలా? మర్యాద పాఠాలు మనకేనా?” అన్నాడు.

ఆ కోపం అన్యాయమైనది కాదు. కాని మర్యాద ఇవ్వడం తగ్గడం కాదు. తగ్గినవాడు తల దించుకుని ‘అయ్యా’ అంటాడు. మర్యాద ఇచ్చేవాడు కళ్లలోకి చూసి ‘మీరు’ అంటాడు. అంబేద్కర్ పోరాడింది టాంగాలో మనం పైన, మరొకరు కింద కూర్చోవడం కోసం కాదు. పైనా కిందా లేకుండా పోవడం కోసం. సీటు మాత్రం మారి తీరు మారకపోతే, ఆ పాత బండివాడి అహంకారం మనకు వారసత్వంగా వచ్చినట్టే.

అలాగే మర్యాద అంటే దేన్నయినా సహించమని కాదు. ముఖ్యంగా బాలికల హాస్టళ్లలోని చెల్లెళ్లకు ఈ మాట చెప్పాలి. అద్దంలో పదేపదే చూడటం, సొంత విషయాలు గుచ్చి అడగటం, దిగాక ఫోన్ చేయడం మర్యాద కాదు. 2014 డిసెంబరులో ఢిల్లీలో క్యాబ్‌లో జరిగిన ఘోరం దేశాన్ని కుదిపింది. 2019 నుంచి కొత్త ప్రయాణికుల వాహనాల్లో అత్యవసర మీట తప్పనిసరి చేశారు. ఎక్కేముందు నంబరు ప్లేటు సరిచూసుకోండి. ప్రయాణం వివరాలు స్నేహితురాలికి పంపండి. అవసరమైతే 112కు ఫోన్ చేయండి. మొహమాటపడి ఊరుకోవద్దు. తప్పు చేసినవాడి మీద ఫిర్యాదు చేయడం మిగతా డ్రైవర్లకు మనం చేసే మేలు కూడా.

మనం చేయదగినవి

పెద్ద పెద్ద తీర్మానాలు అక్కర్లేదు. వయసుతో నిమిత్తం లేకుండా డ్రైవర్‌ను ‘మీరు’ అందాం. ‘అన్నా’, ‘బాబాయ్’ అన్నా ‘అండి’ కలుపుదాం. కారు వచ్చాక ట్రంకు పెట్టె సర్దుకోవడం కాకుండా, పెట్టె గేటు దగ్గర పెట్టుకున్నాకే కారు పిలుద్దాం. డిక్కీలో పెట్టె మనమే ఎత్తి పెడదాం. చిల్లర ముందే చూసుకుందాం. ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో మేరీమాత ఉత్సవాలకు లక్షల జనం గుణదల వస్తారు. పోలీసులు వాహనాలు మళ్లిస్తారు. ఆ మూడు రోజులు గేటు దాకా రావలసిందేనని ఫోన్లో కేకలు వేయకుండా మనమే నాలుగడుగులు నడిచి రోడ్డెక్కుదాం. దిగేటప్పుడు తలుపు మెల్లగా వేసి “వెళ్లొస్తామండి” అందాం. వీటికి ఒక్క పైసా ఖర్చు లేదు.

చివరగా హాస్టల్ వార్షికోత్సవ కమిటీకి ఒక విన్నపం. ప్రతి ఏడూ వేదిక మీదకు డాక్టర్లయిన, ఆఫీసర్లయిన, టీచర్లయిన పూర్వ విద్యార్థులను పిలుస్తున్నాం. పిలవాలి, వారు మనకు గర్వకారణం. కాని ఇదే మెస్‌లో తిని, ఇవే గదుల్లో చదివి, పరిస్థితులు కలిసిరాక నేడు ఆటోలు, కార్లు నడుపుతున్న అన్నలు కూడా ఉన్నారు. సభకు ముఖ్య అతిథిని స్టేషను నుంచి తీసుకువచ్చేది ఒక్కోసారి వారే. తీసుకువచ్చి, దింపి, బయట చెట్టు కింద కారు ఆపుకుని సభ ముగిసేదాకా కూర్చుంటారు. ఈసారి ఆహ్వాన పత్రిక వారికీ పంపండి. పేరుకు ముందు ‘శ్రీ’, చివర ‘గారు’ వేసి పంపండి. వేదిక మీద వారిలో ఒకరికి కుర్చీ వేయండి. రోడ్డు మీద ఇరవై ఏళ్లలో తాము చూసిన మనుషుల గురించి మన తమ్ముళ్లకు ఆయన ఓ పది నిమిషాలు చెబుతారు. కుర్చీలు మోసే పని మేము చూసుకుంటాం.